నాన్-క్లినికల్ ఉద్యోగం వెతికే డాక్టర్లు ముందు తెలుసుకోవాల్సింది పని పేరు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 8 ఏళ్లుగా రోగులను చూస్తున్నారు. 4 నెలల నుంచి నాన్-క్లినికల్, అంటే రోగులను నేరుగా చూడని, ఉద్యోగం కోసం వెతుకుతున్నారు. 130 అప్లికేషన్లు పంపితే రెండే జవాబులు వచ్చాయి, ఆ రెండూ ప్రస్తుతం అవకాశం లేదనే. ఎంబీఏ చేస్తే నయమా అని అడిగారు. చివర్లో, ఇంత చదివి రోగులను వదిలేసి పోవడం తప్పేమో అని ఒక వాక్యం రాశారు. దానికీ జవాబు చెబుతాను, ముందు వెతకడం సంగతి చూద్దాం.

నేను 6 ఏళ్లు ఆసుపత్రిలో పనిచేసి మందుల భద్రత విభాగంలోకి మారాను. ఇక్కడ 14 ఏళ్లయింది. కొన్నేళ్లుగా కొత్త డాక్టర్లను తీసుకునే ప్యానెల్‌లో కూడా ఉంటున్నాను. అప్లికేషన్ పెట్టి ఎదురుచూసేవాళ్ల టెన్షన్ నాకు తెలుసు, ఆ అప్లికేషన్ తెరిచినవాళ్లు మొదట దేన్ని చూస్తారో కూడా తెలుసు.

మీలో లోపమేమీ లేదు. మీరు వెతుకుతున్న మాటలోనే ఉంది చిక్కు. "నాన్-క్లినికల్" అనేది డాక్టర్లు తమలో తాము అనుకునే మాట. కంపెనీలు, సంస్థలు ఆ పేరుతో ఉద్యోగ ప్రకటన ఇవ్వడం అరుదు. ఒక రోగిని వేరే నిపుణుడి దగ్గరకు పంపేటప్పుడు "ఇది గుండె జబ్బు కాదు" అని మాత్రమే రాసి పంపరు కదా. ఏది కాదో చెబితే అవతలి డాక్టరుకు ఏం చెయ్యాలో తెలియదు. మీ వెతుకులాట ఇప్పుడు అలాగే ఉంది. మీకు వద్దనిపించింది ఏమిటో అందులో ఉంది, కావాల్సిన పని పేరు లేదు. ఆ పేరు దొరికిన రోజు నుంచే అసలు వెతకడం మొదలవుతుంది.

అయితే దానికంటే ముందు ఒక పరీక్ష. రెండు వారాల పాటు డ్యూటీ అయ్యాక ఐదు నిమిషాలు కూర్చుని, ఆ రోజు ఏ పని చేస్తున్నప్పుడు సమయం తెలియలేదో, ఏ పని దగ్గర మనసు ముడుచుకుపోయిందో రాసుకోండి. మిమ్మల్ని అలసిపోయేలా చేస్తున్నది నైట్ డ్యూటీయో, ఒక పై అధికారో, మనుషులు చాలని వార్డో అయితే, మందు వేరే ఆసుపత్రిలోనో వేరే వేళల్లోనో ఉండవచ్చు. రోగితో మాట్లాడే ఆ పది నిమిషాలే మీ రోజులో బాగున్న భాగమని తేలితే తొందరపడి బయటకు రాకండి. అలా వచ్చి, రెండేళ్లకు వెనక్కి వెళ్లిన మంచి డాక్టర్లను చూశాను. వెళ్లినందుకు కాదు, ఆ రెండేళ్లూ వాళ్లు పడ్డ బాధ చూసి చెబుతున్నాను. కేస్ షీట్ రాయడం, పరిశోధనా పత్రాలు చదవడం, జూనియర్లకు పాఠం చెప్పడం, వార్డులో ఒక పద్ధతిని సరిదిద్దడం, ఇలాంటివి మీ కాగితం మీద మళ్లీ మళ్లీ కనిపిస్తే అప్పుడు ఏ దారిలో వెళ్లాలో అదే చెబుతుంది.

ఇక పేర్లు. నాకు బాగా తెలిసిన దానితో మొదలుపెడతాను. మందుల భద్రతను ఫార్మకోవిజిలెన్స్ (పీవీ) అంటారు. మందు వాడిన మనిషికి ఏదైనా చెడు జరిగితే ఆ రిపోర్టు మా దగ్గరకు వస్తుంది. అది తీవ్రమైనదా, మందు వల్లే జరిగిందా, మందు సమాచార పత్రంలో ముందే ఉన్నదా అని డాక్టరు తేల్చాలి. క్లినికల్ ట్రయల్‌లో ఊహించని, ప్రాణాంతకమైన ప్రతిచర్య వస్తే, ఐసీహెచ్ (మందుల నియమాలు దేశదేశాల్లో ఒకేలా ఉండేలా చూసే అంతర్జాతీయ మండలి) మార్గదర్శకాల ప్రకారం 7 రోజుల్లోపు నియంత్రణ సంస్థకు తెలియాలి. తీవ్రమైనవే అయినా ప్రాణాపాయం లేని వాటికి 15 రోజులు. గడియారం చూసుకుంటూ చేసే పని ఇది, కానీ రాత్రి రెండింటికి ఫోన్ మోగే పని కాదు. రోగం క్రమాన్ని అర్థం చేసుకోవడం, మిగతా కారణాలను ఒక్కొక్కటిగా పక్కన పెట్టడం, మీరు వార్డులో రోజూ చేసే ఆలోచనే ఇక్కడ కావాల్సింది. ఈ ఒక్క పనికే ప్రకటనల్లో ఎన్ని పేర్లున్నాయో చూడండి: డ్రగ్ సేఫ్టీ ఫిజీషియన్, సేఫ్టీ ఫిజీషియన్, పీవీ ఫిజీషియన్, మెడికల్ రివ్యూయర్, మెడికల్ సేఫ్టీ అడ్వైజర్. వీటిలో ఒక్క పేరుతోనే వెతికితే మిగతా ప్రకటనలు మీ కంట పడనే పడవు.

దీని పక్కనే మెడికల్ మానిటర్ పని ఉంది. నడుస్తున్న ట్రయల్‌లో ఒక రోగిని చేర్చుకోవచ్చా, మందు ఆపాలా వంటి వైద్య ప్రశ్నలకు ఆ డాక్టరు సమాధానం చెబుతారు. మందుల కంపెనీల్లోనూ, వాటి తరఫున ట్రయల్స్ నడిపే కాంట్రాక్ట్ పరిశోధనా సంస్థల్లోనూ ఈ ఉద్యోగాలు ఉంటాయి. చాలామంది డాక్టర్లు పేరున్న మందుల కంపెనీలకే అప్లై చేసి ఊరుకుంటారు. కొత్తవాళ్లకు తలుపు ముందుగా తెరుచుకునేది ఎక్కువగా ఆ కాంట్రాక్ట్ సంస్థల్లోనే.

మాట్లాడటం ఇష్టమైతే మెడికల్ అఫైర్స్ చూడండి, అంటే మందు వెనకున్న శాస్త్రాన్ని బయటి డాక్టర్లకు చెప్పే కంపెనీ విభాగం. అందులో మెడికల్ సైన్స్ లయజాన్ అనే ఉద్యోగం 1967లో అప్‌జాన్ అనే మందుల కంపెనీ మొదలుపెట్టింది. ఆ రంగంలోని నిపుణులైన డాక్టర్లతో శాస్త్రం గురించి చర్చించడం దాని సారాంశం. అది సేల్స్ పని కాదు. ప్రయాణాలు మాత్రం ఎక్కువ. ఇంట్లో చిన్నపిల్లలున్నారని రాశారు కాబట్టి ముందే చెబుతున్నాను. అదే విభాగంలో మెడికల్ ఇన్ఫర్మేషన్ అనే చిన్న ద్వారం ఒకటి ఉంది. మందు గురించి డాక్టర్లు, రోగులు అడిగే ప్రశ్నలకు ఆధారాలు వెతికి జవాబులు రాసే పని. పేరు పెద్దగా వినపడదు కానీ లోపలికి రావడానికి మంచి దారి.

రాయడం ఇష్టమని మీరే చెప్పారు. మెడికల్ రైటింగ్ అనే ఒకే పేరు కింద రెండు వేరు వేరు లోకాలున్నాయి. ఒకటి నియంత్రణ సంస్థలకు వెళ్లే పత్రాలు: ట్రయల్ ప్రోటోకాల్, ట్రయల్ ముగిశాక వచ్చే క్లినికల్ స్టడీ రిపోర్ట్. ఆ రిపోర్టు ఏ వరుసలో ఉండాలో 1995 నాటి ఐసీహెచ్ ఈ3 మార్గదర్శకం చెబుతుంది. రెండోది జర్నల్ వ్యాసాలు, వైద్య విద్యా సామగ్రి, రోగుల కోసం రాసే పాఠాలు. మొదటిదానికి ఓపిక, నియమం కావాలి. రెండోదానికి కథ చెప్పే నేర్పు కావాలి. "మెడికల్ రైటర్" అని మాత్రమే వెతికితే రెండూ కలిసిపోయి వస్తాయి. "రెగ్యులేటరీ" అనో "పబ్లికేషన్స్" అనో ముందు చేర్చండి.

మిగతావి క్లుప్తంగా. ఆరోగ్య బీమాలో క్లెయిములు వైద్యపరంగా సరైనవా అని చూసే మెడికల్ రివ్యూ ఉంది. వైద్య సమాచార వ్యవస్థల్లో క్లినికల్ ఇన్ఫర్మాటిక్స్ ఉంది. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ఐసీడీ-11 (జబ్బుల కోడ్ల జాబితా), స్నోమెడ్ సీటీ (వైద్య పదాల కోడ్లు), ఎఫ్‌హెచ్‌ఐఆర్ (ఆరోగ్య సమాచారాన్ని ఒక వ్యవస్థ నుంచి మరో వ్యవస్థకు పంపే ప్రమాణం) లాంటి మాటలు అక్కడ రోజూ వినిపిస్తాయి. నియంత్రణ సంస్థలు, ప్రజారోగ్యం, ఆసుపత్రుల నాణ్యతా విభాగాలు కూడా ఉన్నాయి. అన్నీ చూడక్కర్లేదు. మీ రెండు వారాల కాగితానికి దగ్గరగా ఉన్న రెండు దారులు ఎంచుకోండి, మూడోది వద్దు. 130 అప్లికేషన్లు ఏడెనిమిది రకాల ఉద్యోగాలకు చెదిరిపోతే, ప్రతి చోటా మీరు కొత్తవాళ్లుగానే మిగులుతారు.

ఎంచుకున్న దారికి పది ప్రకటనలు తీసుకుని, అప్లై చెయ్యకుండా, పాఠంలా చదవండి. పదింటిలోనూ వచ్చిన మాటలు ఒక కాగితం మీద రాయండి. భద్రత విభాగమైతే "కాజాలిటీ" (మందు వల్లే జరిగిందా అన్న అంచనా), "మెడ్‌డ్రా" (దుష్ప్రభావాలకు వాడే వైద్య పదాల కోశం), "సిగ్నల్ డిటెక్షన్" (రిపోర్టుల్లో కొత్త ప్రమాద సూచనలను పసిగట్టడం), "కేస్ నెరేటివ్" (ఒక్క కేసు కథనం) అనేవి తప్పకుండా కనిపిస్తాయి. ఇకపై ఆ మాటలతోనే వెతకండి, "డాక్టర్" అనే మాటతో కాదు. డాక్టర్లే కావాల్సిన చాలా ప్రకటనల్లో శీర్షికలో ఆ మాట ఉండదు, అర్హతల వరుసలో ఎక్కడో కింద ఉంటుంది. లింక్డ్‌ఇన్‌లో పూర్తి పదబంధాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెడితే ఆ పదాలు ఆ వరుసలోనే వెతుకుతుంది. ఒకే పనికున్న నాలుగు పేర్ల మధ్య ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో "ఆర్" పెడితే నాలుగూ ఒకేసారి వస్తాయి. "నాట్" పెట్టి సేల్స్, నర్స్ లాంటి అక్కర్లేనివి తీసెయ్యవచ్చు. ఆ వెతుకులాటకు జాబ్ అలర్ట్ పెట్టుకోండి. మూడు వారాల నాటి ప్రకటన మీద రాత్రంతా కూర్చోకండి. అప్పటికే మేం కొందరిని ఎంచుకుని మాట్లాడటం మొదలుపెట్టి ఉంటాం. ఏ కంపెనీ అయినా నచ్చితే దాని సొంత ఉద్యోగాల పేజీ కూడా చూడండి.

ఇప్పుడు చెప్పేది అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడుతుందని నా నమ్మకం. మీరు కోరుకునే పనిలో ఇప్పటికే ఉన్న డాక్టర్లను వెతకండి. మీ కాలేజీ పేరు, ఆ ఉద్యోగం పేరు కలిపి వెతికితే కొందరైనా దొరుకుతారు. వాళ్ల ప్రొఫైల్‌లో ఇప్పుడున్న హోదా చూడకండి. కిందికి వెళ్లి, ఆసుపత్రి ఉద్యోగం ముగిసిన చోట మొదట చేరిన ఉద్యోగం ఏమిటో చూడండి. ఈరోజు మెడికల్ డైరెక్టర్ అయిన మనిషి అప్పుడు కాంట్రాక్ట్ సంస్థలో మెడికల్ రివ్యూయర్‌గా చేరి ఉంటారు. మీరు అప్లై చెయ్యాల్సింది ఆ మొదటి మెట్టుకు. మీరు పంపిన 130లో ఎన్ని డైరెక్టర్, సీనియర్ హోదాలకు వెళ్లాయో ఒకసారి చూసుకోండి. 8 ఏళ్ల అనుభవం ఉంది కదా అని చాలామంది పై మెట్టుకే అప్లై చేస్తారు. మీ అనుభవానికి విలువ ఉంది, కానీ ఆ విలువ లోపలికి వచ్చాక త్వరగా పైకి తీసుకెళ్లడంలో తెలుస్తుంది.

అలా దొరికినవాళ్లతో మాట్లాడటానికి మొహమాటపడకండి. మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో ఒక వ్యాసం రాశారు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను, ఆ మనిషిని మీరు ఎంత తరచుగా కలిసేవారని అడిగితే, తరచుగా అన్నవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడు అన్నవాళ్లు 55.6 శాతం, ఎప్పుడో ఒకసారి అన్నవాళ్లు 27.8 శాతం. ఆయన అడిగింది కొద్దిమందినే. అయితే 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మందిని 5 ఏళ్ల పాటు చూసి, దగ్గరి స్నేహితుల కంటే కాస్త దూరపు పరిచయాలే ఉద్యోగం మారడానికి ఎక్కువ తోడ్పడుతున్నాయని తేల్చింది. కారణం తేలికగానే అర్థమవుతుంది. మీ దగ్గరివాళ్లందరూ ఆసుపత్రుల్లోనే ఉన్నారు. మీకు తెలిసిందే వాళ్లకూ తెలుసు.

వాళ్లకు పంపే సందేశం నాలుగు వాక్యాలు దాటకూడదు. మీరెవరో, వాళ్ల దారిలో మీకు ఆసక్తి కలిగించినది ఏమిటో చెప్పి, 20 నిమిషాలు ఇవ్వగలరా అని అడగండి. ఉద్యోగం ఇప్పించమని అడగకండి, రెజ్యూమె జత చెయ్యకండి. మాట్లాడేటప్పుడు "నిన్న మీ రోజు ఎలా గడిచింది?" అని అడగండి. "మీ పని ఎలా ఉంటుంది?" అంటే అందరూ బాగుందనే చెబుతారు. నిన్నటి రోజు అడిగితే ఎన్ని మీటింగులు, ఎన్ని కేసులు, ఎక్కడ విసుగు అన్నీ బయటపడతాయి. ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో ఏది కష్టమనిపించిందో అడగండి. ఇంకెవరితో మాట్లాడమంటారో అడిగి ముగించండి. ఇలాంటి పది సంభాషణలు పూర్తయ్యేసరికి మీరు వెతికే పద్ధతే మారిపోతుంది. పదిమందిని అడిగితే ముగ్గురు నలుగురే ఒప్పుకుంటారు, బాధపడకండి. జవాబు ఇవ్వనివాళ్లకు రెండు వారాల తర్వాత ఒక్కసారి గుర్తు చేసి వదిలెయ్యండి.

రెజ్యూమె గురించి కాస్త కటువుగా చెప్పాలి. మాకు వచ్చే డాక్టర్ల రెజ్యూమెల్లో ఎక్కువ భాగం ఆసుపత్రి కోసం రాసినవే. ఆరేడు పేజీలు, అన్ని పోస్టింగులూ, చేసిన ప్రొసీజర్ల సంఖ్యలూ ఉంటాయి. మొదటి వడపోత చేసేది చాలాచోట్ల డాక్టరు కాదు. మానవ వనరుల విభాగంలోని మనిషి ప్రకటనలోని మాటలు ఉన్నాయా లేవా అని చూస్తారు. రెండు పేజీలు చాలు. మీ పనిని అబద్ధం లేకుండా అవతలివాళ్ల మాటల్లోకి మార్చండి. "ఓపీలో రోజూ 60 మందిని చూశాను" అన్నది నిజమే, కానీ భద్రత విభాగానికి అది ఏమీ చెప్పదు. "మందుల దుష్ప్రభావాలు గుర్తించి, కారణం అంచనా వేసి, రిపోర్టు చేశాను" అని రాస్తే చదివే చెయ్యి ఆగుతుంది. చనిపోయిన కేసులను విభాగం సమావేశంలో వివరించేవారని చెప్పారు కదా, అది కేస్ రివ్యూ. వార్డులో ఇన్ఫెక్షన్లు తగ్గించడానికి చెక్‌లిస్ట్ తయారుచేశానన్నారు, అది నాణ్యత మెరుగుదల ప్రాజెక్టు. ఇవి మీ ప్రశ్నలో ఏదో మాటవరసకు రాశారు. నాకు మాత్రం అందులో ఉద్యోగానికి పనికొచ్చే భాగం అదే.

ఎంబీఏ విషయం. ఇప్పుడు వద్దు. దారి తెలియక ముందు చేసే పెద్ద కోర్సు డబ్బునూ రెండేళ్లనూ తీసుకుని, మళ్లీ ఇదే ప్రశ్న దగ్గర నిలబెడుతుంది. లోపలికి వెళ్లాక యాజమాన్యం వైపు మనసు పోతే అప్పుడు ఆలోచించవచ్చు. ఇప్పుడు కావాల్సింది చిన్నవి. ట్రయల్స్ ఎలా నడపాలో చెప్పే ఐసీహెచ్ మార్గదర్శకం గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ మీద శిక్షణ ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతుంది, కొద్ది గంటల పని. ఆ మార్గదర్శకం మూడో సవరణ 2025 జనవరిలో ఖరారైంది, కాబట్టి దాన్ని అనుసరించే కోర్సు చూసుకోండి. స్వీడన్‌లోని ఉప్సల మానిటరింగ్ సెంటర్ మందుల భద్రత మీద ఆన్‌లైన్ పాఠాలు ఇస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1968లో మొదలుపెట్టిన అంతర్జాతీయ ఔషధ పర్యవేక్షణ కార్యక్రమానికి సాంకేతికంగా పనిచేసే కేంద్రం అదే. ఉద్యోగం గ్యారంటీ అని డబ్బు అడిగే కోర్సుల జోలికి పోకండి. ఉద్యోగం ఇస్తామని ఎవరు డబ్బు అడిగినా అక్కడితో ఆపెయ్యండి.

సర్టిఫికెట్ కంటే బలమైనది చేసి చూపించిన పని. కల్పించిన రోగి వివరాలతో ఒక కేస్ నెరేటివ్ రాయండి: వయసు, ఉన్న జబ్బులు, మందు ఎప్పుడు మొదలైంది, లక్షణం ఎప్పుడు వచ్చింది, మందు ఆపితే తగ్గిందా, మీ అంచనా ఏమిటి, ఎందుకు. రైటింగ్ వైపు వెళ్లాలంటే ఒక జర్నల్ వ్యాసాన్ని సామాన్య పాఠకుడికి ఒక పేజీలో చెప్పండి. నిజమైన రోగి వివరాలు, పేరు తీసేసినా సరే, వాడకండి. గోప్యత తెలియని డాక్టరును ఏ సంస్థా తీసుకోదు.

ఇంటర్వ్యూలో ప్రాక్టీసు ఎందుకు వదులుతున్నారని తప్పకుండా అడుగుతారు. నా మొదటి ఇంటర్వ్యూలో నేను నైట్ డ్యూటీల గురించి, జీతం గురించి, పని భారం గురించి పావుగంట చెప్పాను. అన్నీ నిజాలే. ఉద్యోగం రాలేదు. ఇప్పుడు ఆ ప్యానెల్‌లో ఉన్నాను కాబట్టి కారణం తెలుసు. పారిపోయి వస్తున్న మనిషి ఇక్కడ విసుగు పుడితే మళ్లీ పారిపోతాడనిపిస్తుంది. రెండో చోట, ఒక రోగికి వచ్చిన దద్దుర్లు ఏ మందు వల్లో తేల్చడానికి మూడు రోజులు పట్టిన కథ చెప్పాను. అలా తేల్చే పనే రోజంతా చెయ్యాలని ఉందన్నాను. అదీ నిజమే. మీకూ అలాంటి కేసు ఒకటి ఉంటుంది, గుర్తు చేసుకోండి.

మొదటి ఉద్యోగంలో జీతం తగ్గవచ్చు, మీకంటే చిన్నవాళ్లు మీకు పని నేర్పుతారు. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి, కొన్ని నెలల ఖర్చు పక్కన పెట్టుకోండి. ఇప్పుడున్న ఉద్యోగం చేతిలో ఉండగానే వెతకండి. రిజిస్ట్రేషన్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ గడువు దాటనివ్వకండి. కొన్ని ఉద్యోగాలు చెల్లుబాటులో ఉన్న లైసెన్స్ అడుగుతాయి, వెనక్కి వెళ్లాలనిపిస్తే ఆ దారీ తెరిచి ఉంటుంది.

ఇక మీ చివరి వాక్యం. ఫ్రాన్సెస్ కెల్సీ గురించి మీరు ఫార్మకాలజీలో చదివే ఉంటారు. వైద్య పట్టా ఉన్న మనిషి, కొంతకాలం ప్రాక్టీసు కూడా చేశారు. 1960లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏలో ఫైళ్లు పరిశీలించే ఉద్యోగంలో చేరారు. మొదట్లో చేతికొచ్చిన ఫైళ్లలో థాలిడోమైడ్ అనే నిద్ర మందుది ఒకటి. కంపెనీ మళ్లీ మళ్లీ ఒత్తిడి తెచ్చింది. ఆధారాలు చాలవని ఆమె ఆమోదం ఇవ్వలేదు. ఆ మందు వాడినవాళ్ల నరాలు దెబ్బతింటున్నాయని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక లేఖ చదివి, అయితే కడుపులోని బిడ్డకు ఏమవుతుందని అడిగారు. 1961 చివరికి నిజం బయటపడింది. ప్రపంచవ్యాప్తంగా 10,000 మందికి పైగా పిల్లలు అవయవ లోపాలతో పుట్టారు. ఆ రోజుల్లో ఆ మందు అమెరికాలో అమ్మకానికే రాలేదు. ఆమె ఆ పని చేసిన రోజుల్లో ఎదురుగా ఉన్నవి ఫైళ్లే, రోగులు కారు. మీరు రోగులను వదిలేసి పోతున్నానని రాశారు. ఆ మాట మళ్లీ ఆలోచించండి.

మీ 130 అప్లికేషన్ల జాబితా ఉంటే, ఏ పని పేరుకు ఎన్ని వెళ్లాయో, వాటిలో మొదటి మెట్టువి ఎన్నో లెక్కపెట్టి ఇక్కడే రాయండి. ఆ రెండు జవాబులు ఏ పేరుకు వచ్చాయో కూడా రాయండి. భద్రతా, రైటింగా, ఏది ముందు మొదలుపెట్టాలో అది చూసి చెబుతాను.